వదినగారి నాలుగు కుండీలు

ఒరెగాన్‌లో ఏసీ ఎందుకండీ, కిటికీ తీస్తే చాలు అంది మాకు ఇల్లు చూపించిన ఏజెంటు. ఆవిడ మళ్ళీ కనపడితే ఆగస్టులో ఓ మధ్యాహ్నం మా మేడమీద గదిలో కూర్చోబెట్టి తలుపు వేసేయాలని నాకు చాలా రోజులుగా కోరిక. పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో మా ఇల్లు. ఏడాదిలో సగం రోజులు ముసురే. అలాంటి ఊళ్ళో ఆ వేసవి నూట ఎనిమిది డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ కాసింది. దుకాణాల్లో ఫ్యానన్నది మిగల్లేదు. మా ఆయన గిన్నెలో ఐసు పోసుకుని, దాని వెనక టేబుల్ ఫ్యాను పెట్టుకుని, పైన ఇస్త్రీ చొక్కా, కింద తడి తువ్వాలుతో ఆఫీసు మీటింగుల్లో కూర్చునేవారు. నేను కనపడినవాళ్ళందరి మీదా విసుక్కుంటూ తిరిగేదాన్ని.

కానీ నా జన్మలో ఎప్పుడూ నవ్వనంత నవ్వు నేను నవ్వింది ఆ ఎండల్లోనే. ఇప్పటికీ ఆఫీసులో అది గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకుంటూ ఉంటే పక్క సీటతను హెడ్‌ఫోన్స్ తీసి నా వంక అనుమానంగా చూస్తాడు. ఏం చెప్పను అతనికి, ఎక్కడని మొదలుపెట్టను.

మా అత్తయ్య దగ్గరే మొదలుపెట్టాలి. ఆవిడ ఆ మార్చి చివర్లో తణుకు నుంచి ఆరు నెలలకని వచ్చారు. మామయ్యగారు అంతసేపు విమానంలో కూర్చోవడం నావల్ల కాదని రాలేదు. అత్తయ్యకి ఇంగ్లీషులో వచ్చినవి మూడే మాటలు: థాంక్యూ, సారీ, బైబై. వచ్చిన కొత్తలో మేమిద్దరం లాప్‌టాప్‌లు మూసేదాకా ఆవిడ సోఫాలో కూర్చుని గోడకేసి చూసేవారు. ఆ మౌనం భరించలేక నేనే లేనిపోని కబుర్లు చెప్పేదాన్ని. అప్పుడు దొరికింది ఆవిడకి పక్కింటావిడ.

పక్కింటావిడ డెబ్భై దాటిన మనిషి. జీవితమంతా స్కూలు బస్సు నడిపింది. ఒక్కతే ఉంటుంది. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మా అత్తయ్యవీ అంతే. రెండు పెరళ్ళకీ మధ్య చెక్క కంచె, కంచెకి ఓ చిన్న గేటు. ఒకరోజు సాయంత్రం అటు ఆవిడ, ఇటు ఈవిడ కుర్చీల్లోంచి లేస్తూ ఒకేసారి మూలిగారు. ఈవిడ 'అమ్మా' అన్నారు, ఆవిడ 'ఓ లార్డ్' అంది. కంచె మీంచి ఒకరినొకరు చూసుకుని నవ్వారు. అంతే, స్నేహం కుదిరిపోయింది.

ఆ రోజునుంచి సాయంత్రం అయ్యేసరికి ఇద్దరూ గేటు దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళు. ఈవిడ తెలుగులో చెప్పేవారు, ఆవిడ ఇంగ్లీషులో చెప్పేది. ఒకరికి రెండోవాళ్ళ మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా గంటలకొద్దీ నడిచేది. "ఆవిడ పేరేంటో అడిగారా అత్తయ్యా" అంటే, "పేరుతో మనకేం పని. నాకంటే పెద్దావిడ. వదినగారు అంటున్నాను, పలుకుతోంది" అన్నారు. నిజమే, పలికేది. పైగా తిరిగి తనూ 'వడీన గరూ' అని పిలవడం నేర్చుకుంది. మా అత్తయ్య పొంగిపోయారు.

ఆ పక్కింటావిడ దగ్గర చిన్న గాజు సీసాలో ఆకుపచ్చటి లేపనం ఉండేది. ఒకరోజు అది రెండు వేళ్ళతో తీసి అత్తయ్య మోకాలికి రాసింది. మర్నాడు అత్తయ్య గోడ పట్టుకోకుండా మేడమెట్లు దిగి, ఇది ఏ మొక్కతో చేస్తుందో కనుక్కోమని నా ప్రాణం తీశారు. వెళ్ళి అడిగాను. ఆవిడ తన ఇంటి వెనక డెక్ అనే చెక్క అరుగు మీద ఉన్న నాలుగు నల్ల ప్లాస్టిక్ కుండీల వైపు చెయ్యి చూపించింది. చూశాను. నడుమెత్తు పెరిగిన మొక్కలు, చెయ్యి చాపి వేళ్ళు విడదీసినట్టున్న ఆకులు. గంజాయి.

"ఈ రాష్ట్రంలో ఇంటికి నాలుగు పెంచుకోవచ్చు హనీ, చట్టం ఒప్పుకుంటుంది" అంది ఆవిడ నా మొహం చూసి. "నేను తాగను. నాకు కావలసింది పూలు. మందంతా పూలలోనే ఉంటుంది. అక్టోబరులో కోసి, ఆరబెట్టి, కొబ్బరినూనెలో కాచి ఈ లేపనం చేసుకుంటాను. ఈ నాలుగు మొక్కల పూలు నాకు చలికాలమంతా వస్తాయి. అది లేని ఏడాది వాన పడితే చాలు, నా కాళ్ళు నా మాట వినవు." మోకాళ్ళ మీద చేతులు వేసుకుని మామూలుగానే చెప్పింది గాని, చలికాలం అన్నప్పుడు ఆవిడ గొంతు కొంచెం తగ్గింది.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పడం నా తెలివితక్కువతనం. "రాష్ట్రం ఒప్పుకుంటే సరిపోతుందా? ఫెడరల్ లా ఒప్పుకోదు. మన గ్రీన్ కార్డ్ పెండింగ్‌లో ఉంది. నువ్వు ఆ కుండీల వైపు చూడకు కూడా" అన్నారు.

"చూస్తే కూడా రిజెక్ట్ చేస్తారా?"

"జోకులొద్దు. అమ్మకి అసలు చెప్పకు. చెప్పావంటే సాయంత్రానికి తణుకు మొత్తం ఫార్వర్డ్ అవుతుంది."

ఆ ఒక్క విషయంలో ఆయన చెప్పింది నిజం. అందుకని అత్తయ్యకి అవి మోకాళ్ళ మందు మొక్కలు అని చెప్పి ఊరుకున్నాం. అబద్ధం కూడా కాదు. ఆవిడ కంచె ఇవతలనుంచే వాటికి ఓ దణ్ణం పెట్టుకున్నారు.

ఆగస్టులో ఎండలు ముదిరిన వారమే పక్కింటావిడ చెల్లెలికి ఆపరేషను. ఆవిడ పక్క రాష్ట్రం ఐడహో వెళ్ళాలి, రెండు వారాలు. నన్ను పిలిచి, ఈ ఎండల్లో ఒక్కరోజు నీళ్ళు తప్పినా ఆ నాలుగూ మాడిపోతాయి, కాస్త పోయగలవా అని అడిగింది. నేను సరే అని వచ్చాను. మా ఆయన తడి తువ్వాలుతోనే కిందికి దిగొచ్చి కాదన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"నీళ్ళు పోస్తే ఏమవుతుంది? నేనేం అమ్ముకుంటున్నానా?"

"కల్టివేషన్ అంటే నీళ్ళు పొయ్యడమే."

"అయితే మీరు మొన్న కరివేపాకు మొక్కని చంపింది కల్టివేషన్ కిందికి రాదన్నమాట."

మాటా మాటా పెరుగుతుంటే వంటింట్లోంచి అత్తయ్య వచ్చారు. ఆవిడ చెవిన పడింది నీళ్ళు అన్న మాట ఒక్కటే. "నీళ్ళకి మీరిద్దరూ కొట్టుకోవడం ఎందుకర్రా. వదినగారి మొక్కలు నేను చూసుకుంటాను" అన్నారు. మా ఆయన నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. ఎందుకు వద్దో చెప్పాలంటే అవేంటో చెప్పాలి. కాసేపు ఆలోచించి, అమ్మకి తెలియదు కాబట్టి పర్వాలేదు అని నా చెవిలో అన్నారు. ఏ లాయరు చెప్పాడు అంటే యూట్యూబులో చూశానన్నారు.

ఆ మర్నాటినుంచి మా అత్తయ్యని పట్టుకోవడం నా తరం కాలేదు. ఎండ పొడవకముందే లేచి, చిన్న గేటు తీసుకుని వెళ్ళి, కుండీ అడుగున నీళ్ళు కారేదాకా నిదానంగా పోసేవారు. నల్ల కుండీ మీద చెయ్యి వేసి, "అబ్బ, ఇది కుండీ కాదు, పెనం. వేళ్ళు ఉడికిపోవూ" అని, నాలుగింటికీ తడి బట్టలు చుట్టారు. ఆ బట్టలు నా కాటన్ చీరలు. మధ్యాహ్నం ఎండ సూటిగా పడుతోందని డెక్ మీద పందిరి వేశారు. ఆ పందిరి మా ఆయన పెళ్ళినాటి పంచె. ఆయన మేడమీద మీటింగులో ఉండి కిటికీలోంచి చూస్తే, జరీ అంచు పంచె కింద నాలుగు గంజాయి మొక్కలు హాయిగా ఊగుతూ కనపడ్డాయట. మాట మధ్యలో ఆగిపోయారు. మీ నెట్ పోయిందా అని మేనేజరు అడిగాడట.

మట్టి మీద ఎండుగడ్డి పరిచారు. బియ్యం కడిగిన నీళ్ళు పోశారు. పురుగు పట్టకుండా పుల్ల మజ్జిగ చిలకరించారు. వీధిలో అందరి తోటలూ మాడి నల్లబడ్డాయి. ఎదురింటివాళ్ళ గులాబీలు కాగితాల్లా అయ్యాయి, మా టమాటాలు తీగమీదే ఉడికాయి. ఆ నాలుగు కుండీలు మాత్రం పచ్చగా, గుబురుగా, ఏ ఎండా తగలనట్టు ఉన్నాయి. భోజనాల దగ్గర అత్తయ్య రోజూ వాటి కబుర్లే. "ఇవాళ ఇంకో కొమ్మ వేసింది. తుంచాల్సినవి తుంచాను" అనేవారు. ఎండుటాకులు కాబోలనుకుని నేను ఊఁ కొట్టి పెరుగు వడ్డించుకునేదాన్ని.

శ్రావణ శుక్రవారం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం. ఆ ఎండలో వ్రతమేమిటి, వచ్చే ఏడాది చేసుకుందాం అంటే అత్తయ్య ఒప్పుకోలేదు. తెలిసిన నలుగురైదుగురు ఆడవాళ్ళని పేరంటానికి పిలిచాను. నేను వంటింట్లో బూరెలు వేస్తున్నాను, అత్తయ్య పూజ గదిలో అమ్మవారిని అలంకరిస్తున్నారు. ఉన్నట్టుండి ముక్కు పుటాలు అదిరాయి. మా వీధిలో స్కంక్ అని ఓ జంతువు తిరుగుతూ ఉంటుంది. దానికి భయం వేస్తే వదిలే కంపు ఇంతా అంతా కాదు. అది ఇంట్లో దూరిందనుకుని చీపురు పట్టుకుని వాసన వెంట వెళ్ళాను. వాసన పూజ గదిలోకి వెళ్ళింది.

కలశానికి కట్టిన అమ్మవారి మెడలో మోకాళ్ళదాకా వేలాడుతున్న కదంబమాల. పసుప్పచ్చ చామంతులు, మధ్యమధ్య ఆకుపచ్చటి మొగ్గలు, వాటికి తెల్లటి సన్నటి దారాలు. పాదాల దగ్గర పళ్ళెంలో అవే మొగ్గలు కుప్పగా. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అత్తయ్యా, ఇవి ఎక్కడివి?"

"వదినగారి మొక్కలవేనమ్మాయ్. ఇక్కడ మనకి మరువం, దవనం ఎక్కడ దొరుకుతాయి? వీటికీ అలాంటి ఘాటే ఉంది కదాని కదంబం కట్టాను. శుక్రవారం తుంచకూడదని మిగిలినవి నిన్న సాయంత్రమే తుంచి పెట్టుకున్నాను."

"ఎందుకు తుంచారు?"

ఆవిడ నన్ను జాలిగా చూశారు. "తులసికి వెన్ను రాగానే తుంచుతామా లేదా? తుంచకపోతే చెట్టు ముదిరిపోయి ఎండిపోతుంది. ఈ ఎండల్లో పూత కూడా మోయాలంటే ఎక్కడ మోస్తుంది పాపం. రోజూ పొద్దున్నే వెతికి వెతికి ఒక్కటి కూడా వదలకుండా తుంచాను. అందుకే అంత గుబురుగా ఉన్నాయి."

తులసి వెన్ను తుంచే చేతికి గంజాయి పువ్వు ఏం తెలుస్తుంది. మందంతా పూలలోనే ఉంటుందని పక్కింటావిడ నాకు చెప్పింది. ఈవిడకి ఎవరూ చెప్పలేదు. నేను చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పక్కింటావిడ చలికాలం మొత్తం మా అమ్మవారి మెడలో వేలాడుతోంది.

"కనీసం ఈ పళ్ళెమైనా తీసేద్దాం అత్తయ్యా, వాసనగా ఉంది."

"బాగుందమ్మా వరస. అమ్మవారికి పెట్టినది ఉద్వాసన చెప్పేదాకా ఎవరైనా కదుపుతారా? రేపు పొద్దున్న తీద్దాం" అన్నారు. మెత్తగానే అన్నారు గాని అది తీర్పు.

మా ఆయన మెట్లు దిగుతూ మధ్యలో ఆగి గాలి పీల్చారు. పూజ గదిలోకి తొంగి చూశారు. ఆయన మొహం రంగు మారింది. లాప్‌టాప్, చార్జరు, నీళ్ళ సీసా తీసుకుని, "నేను కార్లో ఏసీ వేసుకుని వర్క్ చేసుకుంటా" అని గరాజులోంచి కారు తీసుకుని ఎటో వెళ్ళిపోయారు. పేరంటంలో మగవాళ్ళకి పనేముంది అని అత్తయ్య మెచ్చుకున్నారు.

ఇంతలో ముత్తయిదువలు రానే వచ్చారు. పట్టుచీరలు, చెమటలు, చేతుల్లో విసనకర్రలు. అందరూ గుమ్మంలోనే ముక్కులు ఎగబీల్చారు. "ఏం ధూపమండీ ఇది, కొత్త రకంగా ఉంది" అంది ఒకావిడ. తణుకునుంచి అత్తయ్య తెచ్చారు అని కళ్ళార్పకుండా చెప్పాను. పోర్ట్‌లాండ్‌లో మాస్టర్స్ చదువుతున్న కరీంనగర్ అమ్మాయి కూడా వచ్చింది. శనివారాలు మా ఇంట్లోనే భోజనం చేస్తుంది. దానికే వ్రతకథ చదివే పని పెట్టాను. అది పూజ గదిలోకి వెళ్ళి, మాల చూసి, వెనక్కి వచ్చి నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"అక్కా, దేవుని కాడ గదేంది? నాకు సమజైందే నిజమా?"

"నోరు మూసుకో."

"మా హాస్టల్ల ఇదే వాసనొస్తే ఫైర్ అలారం కొడ్తరక్కా."

"నోరు మూసుకుని కథ చదువు."

"నాతోని కాదక్కా. నవ్వొస్తది."

చదివింది. నాలుగు వాక్యాలు చదివాక దాని గొంతు వణికింది. అమ్మవారు కలలో కనపడింది అన్న చోట ఆగి, పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. దాన్ని చూసి నాకు పట్టుకుంది. పెదవి కొరుక్కున్నాను, చెయ్యి గిల్లుకున్నాను, బూరెల పళ్ళెం వంక చూశాను. లాభం లేదు. కళ్ళలోంచి ధారలుగా నీళ్ళు. "ఈ కాలం పిల్లలకి ఇంత భక్తి ఎక్కడుంటుందండీ" అని అత్తయ్య కూడా కళ్ళొత్తుకున్నారు. ఆ ధూపం సంగతి అడిగినావిడ గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుని, "ఎందుకో గాని మీ ఇంట్లో మనసు తేలిగ్గా ఉందండీ" అంది. దాంతో ఆ పిల్ల పుస్తకం కింద పడేసి బాత్రూములోకి పరుగెత్తింది. మిగతా కథ నేను చదివాను. ఎలా చదివానో ఆ అమ్మవారికే తెలియాలి.

హారతి ఇస్తున్నప్పుడు గంట మోగింది. గుమ్మంలో మోగిన గంట. వెళ్ళి తలుపు తీస్తే పక్కింటావిడ. చెల్లెలు తేరుకుందట, ఎండల వార్తలు చూసి ఆగలేక రెండు రోజుల ముందే వచ్చేసిందట. అత్తయ్యకోసం ఐడహోలో కొన్న చెర్రీ జామ్ సీసా చేతిలో ఉంది. నా నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది.

ఆవిడ చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. అమ్మవారిని చూసింది. మాల చూసింది. పళ్ళెం చూసింది.

"హనీ, అవి నావా?" అంది మెల్లగా.

"అవును."

"అన్నీనా?"

నేను జవాబు చెప్పేలోపే అత్తయ్య చేతులు చాపుకుంటూ వచ్చేశారు. "వదినగారూ, వచ్చేశారా, రండి రండి, మీ మొక్కలు చూద్దురుగాని" అని ఆవిడ చెయ్యి పట్టుకుని వంటింటి తలుపులోంచి పెరట్లోకి లాక్కెళ్ళారు. నేను వెనకాల పరుగెత్తాను. చిన్న గేటు, డెక్, పంచె పందిరి. దాని కింద తడిచీరల్లో నాలుగు కుండీలు. ఒక్క ఆకు మాడలేదు. అత్తయ్య వాటిని కన్నపిల్లల్ని చూపించినట్టు చూపించారు. తడి బట్ట మీద చెయ్యి వేసి చూడమన్నారు, గడ్డి ఎత్తి మట్టి చూపించారు.

పక్కింటావిడ ఒక్కొక్క కొమ్మే పట్టుకుని చివరిదాకా వేళ్ళతో తడిమింది. ప్రతి కొమ్మకీ చివర తుంచేసి ఉంది. నాలుగో మొక్క దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. నాకు ఏడుపు వచ్చింది. ఈ ఊళ్ళో మా అత్తయ్యకి ఉన్నది ఈవిడ ఒక్కతే. ఈవిడకి చలికాలంలో ఉన్నది ఆ పూలు ఒక్కటే. ఇప్పుడు రెండూ పోయాయనుకున్నాను.

"అవేంటో ఆవిడకి తెలుసా?" అని నన్ను అడిగింది.

"తెలియదు. మీ మందు అని తెలుసు. పూలలో ఉందని తెలియదు. తప్పు మాది."

ఆవిడ మొహం సర్దుకుని, "మొక్కలు చాలా అందంగా ఉన్నాయి, థాంక్యూ అని చెప్పు. అంతే చెప్పు" అంది.

చెప్పాను. అత్తయ్య వినలేదు. ఆవిడ మొహంకేసే చూస్తున్నారు.

"ఆ మొహం అది కాదమ్మాయ్. నేనేదో పాడుచేశాను. నిజం చెప్పు."

చెప్పేశాను. ఆ పూలే మందని, ఆకుల్లో ఏమీ లేదని, వాటితోనే ఆవిడ చలికాలం గడుస్తుందని. అత్తయ్య డెక్ మెట్టు మీద కూర్చున్నారు. మళ్ళీ వెంటనే లేచారు, మూలుగు కూడా లేకుండా, గబగబా మా ఇంట్లోకి వెళ్ళారు. నేను వెళ్ళేసరికి పూజ గదిలో, ఆడవాళ్ళందరి ఎదురుగా, అమ్మవారి మెడలోంచి మాల తీస్తున్నారు.

"ఉద్వాసన కాలేదండీ" అంది ఒకావిడ కంగారుగా.

"తెలుసు. తల్లీ, ఏమీ అనుకోకు. ఇవి నీకంటే ఆవిడకి అవసరం" అన్నారు అమ్మవారితో. పళ్ళెంలో మొగ్గలు కొంగులో పోసుకున్నారు. ఫ్రిజ్ తీసి అడుగు అరలోంచి పెరుగు డబ్బా తీశారు. మూత తీస్తే తడిగుడ్డలో చుట్టిన మొగ్గలు, ఇన్నాళ్ళుగా తుంచినవన్నీ. పూజకని దాచారట. ఒక్కటి పారెయ్యలేదు. ఆ డబ్బా పక్కనే నేను రోజూ పాలు తీసుకుంటున్నాను.

అన్నీ తీసుకెళ్ళి పక్కింటావిడ చేతుల్లో పెట్టారు. "సారీ" అన్నారు. ఆవిడకి ఇంగ్లీషులో ఇంకేం రాదు కదా, అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నారు. పక్కింటావిడ డబ్బాలోకి చూసింది, మాల ఎత్తి చూసింది, చామంతుల మధ్య తన మొగ్గల్ని చూసింది. ముందు ఆవిడ భుజం ఒకటి కదిలింది. తర్వాత రెండోది. తర్వాత రెయిలింగు పట్టుకుని నవ్వింది. ఊపిరాడనంత నవ్వు. మాల తీసి తన మెడలో వేసుకుంది. బాత్రూములోంచి అప్పుడే బయటపడి వచ్చిన కరీంనగర్ పిల్ల ఆ దృశ్యం చూసి మళ్ళీ లోపలికి పరుగెత్తింది.

ఆ మాలతోనే ఆవిడ పేరంటంలో కూర్చుంది. కాళ్ళకి పసుపు రాయించుకుంది, శనగలు ఒళ్ళో పోయించుకుంది, మూడు బూరెలు తిన్నది. మా ఆయన పేరంటం అయిపోయి ఉంటుందనుకుని ఇంట్లోకి వస్తే, పట్టుచీరల మధ్య గంజాయి మాల వేసుకున్న పక్కింటావిడ కుంకుమ బొట్టుతో కూర్చుని చెయ్యి ఊపింది. ఆయన గుమ్మంలోంచే వెనక్కి తిరిగి మళ్ళీ కారు దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తయ్య అడిగారు, అసలు ఇంతకీ అదేం మొక్క అని. ఇంక దాచడం ఎందుకని చెప్పాను. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, "అయితే శివుడికి పెట్టాల్సిందమ్మాయ్, అమ్మవారికి పెట్టాను" అన్నారు. మా ఆయన తల పట్టుకున్నారు.

అవన్నీ ఇంకా ముదరని లేత మొగ్గలు. వాటినే పక్కింటావిడ ఆరబెట్టి, నూనెలో కాచింది. గరిట తిప్పింది మా అత్తయ్య, ఆవిడ వంటింట్లో, మా ఆయనకి చెప్పకుండా. పెద్ద సీసాలు నిండవలసింది, ఒక చిన్న సీసా వచ్చింది. మొక్కలకి పక్క కొమ్మలు వచ్చాయి, వాటికి మళ్ళీ పూత మొదలైంది గాని, ముదిరేలోపు వానలు వస్తే బూజు పట్టి పోతాయని పక్కింటావిడ చెప్పింది. సెప్టెంబరు మూడో వారానికే ముసురు పట్టింది. రెండు కుండీలు అప్పుడే పోయాయి. అత్తయ్య రోజూ వెళ్ళి, గొడుగు పట్టుకుని, మిగిలిన రెండింటి పక్కన నిలబడేవారు.

సెప్టెంబరు చివర్లో అత్తయ్య ప్రయాణం. కార్లో సూట్‌కేసులు పెడుతుంటే పక్కింటావిడ వచ్చింది, చేతిలో ఆ చిన్న సీసా. మా ఆయన సూట్‌కేసుకి అడ్డం నిలబడ్డారు. "సారీ, ఇది ఎయిర్‌పోర్టులోకి వెళ్ళకూడదు" అన్నారు.

"తెలుసు నాయనా. సీసా వెళ్ళదు" అంది.

అత్తయ్యని గుమ్మం ముందు కుర్చీలో కూర్చోమంది. తను తడిసిన మెట్టు మీద, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. వీధిలో అందరూ చూస్తుండగా చీర కుచ్చిళ్ళు మోకాలిదాకా జరిపి, సీసాలో వేళ్ళు పెట్టి తీసి రాసింది. మళ్ళీ తీసింది. మళ్ళీ తీసింది. సీసా అడుగు నాకు కనపడుతోంది. అత్తయ్యకీ కనపడింది. "చాలు వదినగారూ, మీకు కావాలి, చాలు" అని ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడకి ఆ తెలుగు బాగానే అర్థమైంది. చెయ్యి విడిపించుకుని రెండో కాలు చాపమంది.

ఫ్రీవే పొడుగునా అత్తయ్య ఏడుస్తూనే ఉన్నారు. అద్దాలన్నీ దించి, చలిలో వణుకుతూ కారు నడుపుతున్న మా ఆయన, "ఎయిర్‌పోర్టులో పోలీసు కుక్కలు వాసన పడితే ఏం చెప్తావమ్మా" అన్నారు. "మోకాళ్ళు చూపిస్తాను" అన్నారు అత్తయ్య ముక్కు చీదుకుంటూ. ఏ కుక్కా పట్టుకోలేదు.

ఇల్లు చేరాక వీడియో కాల్ చేశారు. హలో కూడా లేదు. "వదినగారికి చెప్పు. దారి పొడుగునా నొప్పి అన్నదే లేదని చెప్పు. హైదరాబాదులో పడుచుపిల్లలా నడిచి దిగానని చెప్పు."

"నిజంగానా అత్తయ్యా?"

ఆవిడ ఫోను కిందికి తిప్పారు. రెండు మోకాళ్ళూ పొంగి ఉన్నాయి. కాళ్ళ కింద దిండ్లు, పక్కన వేడినీళ్ళ సంచి. "చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. అది ఆవిడతో అన్నావంటే ఊరుకోను" అన్నారు.

ఫోను పెట్టేసి, వానలో చిన్న గేటు తీసుకుని వెళ్ళాను. ఆవిడ గోడ పట్టుకుంటూ వచ్చి తలుపు తీసింది. ఎలా చేరింది, కాళ్ళు ఎలా ఉన్నాయి అని నేను లోపలికి రాకముందే అడిగింది. అత్తయ్య చెప్పమన్నట్టే చెప్పాను. పడుచుపిల్లలా నడిచి దిగారట అన్నాను. ఆవిడ గోడ వదిలేసి రెండు చేతులతో చప్పట్లు కొట్టింది, మళ్ళీ గోడ పట్టుకుంది.

"మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను.